టిల్టెడ్ ఆర్క్‌ను తీసేయడం తప్పా?

ముంగిలి:
న్యూయార్క్‌లో ప్రభుత్వ కార్యాలయాల ముందున్న ఫెడరల్ ప్లాజా ఆవరణలో 1981లో శిల్పి రిచర్డ్ సెరా ఒక ఉక్కు గోడ నిలబెట్టాడు. పేరు టిల్టెడ్ ఆర్క్. 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు, రెండున్నర అంగుళాల మందం, కాస్త ఒరిగిన వంపు. ప్రభుత్వమే డబ్బిచ్చి చేయించింది. నడిచే దారికి అడ్డమని అక్కడి ఉద్యోగులు గొడవ చేశారు. 1985లో బహిరంగ విచారణ జరిగింది. 1989 మార్చి 15 రాత్రి ముక్కలు చేసి తీసుకుపోయారు. నేను ఆర్కిటెక్టును. తీసేయడమే సరైనదని నా అభిప్రాయం. భవనం ముందున్న ఖాళీ కూడా భవనంలో భాగమే. మీరేమంటారు?

పెనం:
తుప్పు పట్టిన రేకు కోసం ఇంత చర్చా?

ఇనుపకొట్టం:
రేకు కాదండీ, రెండున్నర అంగుళాల ప్లేటు. ముప్ఫై ఏళ్లుగా ఫ్యాబ్రికేషన్ షాపు నడుపుతున్నాను కాబట్టి చెబుతున్నాను. ఆ ఉక్కును కోర్టెన్ అంటారు. అందులో రాగి, క్రోమియం వంటివి కొద్దికొద్దిగా కలుస్తాయి. తడిసి ఆరి, తడిసి ఆరి, కొన్నేళ్లకు పైన ముదురు గోధుమరంగు పొర గట్టిపడుతుంది. ఆ పొరే లోపలి ఉక్కును కాపాడుతుంది. రంగు వేయనక్కరలేదు.

పెనం:
మా గేటుకు కూడా మూడేళ్లుగా రంగు వేయలేదు. అదీ శిల్పమేనా?

ఇనుపకొట్టం:
మీ గేటును గోరుతో గీకి చూడండి, పొలుసులు రాలతాయి. కోర్టెన్ పొర అలా రాలదు.

ఉప్పుగాలి:
సముద్రం పక్కన కోర్టెన్ కూడా నిలవదు. ఉప్పు ఆ పొరను కుదురుకోనివ్వదు. కింద పరిచిన రాతికి పట్టే మరకల సంగతి ఎవరూ చెప్పరు.

ముంగిలి:
తుప్పు సంగతి వదిలేయండి. చికాగోలో 1967లో పెట్టిన పికాసో శిల్పం 50 అడుగులది. దానికి వాడిన కోర్టెన్‌నే వెనకనున్న భవనానికీ వాడారు. రెండూ కలిసి ఒకే రంగుకు తిరిగాయి. అదే ఊళ్లో శిల్పి కాల్డర్ 1974లో పెట్టిన ఫ్లెమింగో అనే శిల్పం చూడండి. చుట్టూ ఆర్కిటెక్టు మీస్ వాన్ డర్ రో గీసిన నల్లటి భవనాలు, అన్నీ నిలువు గీతలే. మధ్యలో 53 అడుగుల ఎర్రటి వంపులు. జనం వాటి కిందినుంచే నడిచి వెళతారు. శిల్పానికీ భవనానికీ పొత్తు అంటే అది. సెరా గోడ వచ్చింది కయ్యానికి.

ఇనుపకొట్టం:
అవును, కయ్యానికే వచ్చింది. ఆ ఆవరణను అలవాటుగా దాటిపోయేవాడు ఒక్క క్షణం ఆగి, తాను ఎక్కడున్నాడో చూసుకోవాలనే చేశాడు. ఆ చోటు కోసమే చేసినది కాబట్టి అక్కడినుంచి కదిపితే ధ్వంసం చేసినట్టేనని మొదటినుంచీ అంటూనే ఉన్నాడు. విచారణలో 180 మంది మాట్లాడారు. 122 మంది ఉంచమన్నారు, 58 మంది తీయమన్నారు. అయినా కమిటీ 4-1 తేడాతో తీసేయమంది. మరి విచారణ ఎందుకు పెట్టినట్టు?

ముంగిలి:
ఆ 122 మందిలో రోజూ ఆ గోడ చుట్టూ తిరిగి ఆఫీసుకు వెళ్లేవారు ఎందరు?

రెండుజెళ్లు:
120 అడుగులంటే నా అంగలు యాభై. యాభై అంగలకు ఎనిమిదేళ్ల పోట్లాటా?

ముంగిలి:
యాభై అంగలు మీకు. కర్ర పట్టుకుని నడిచేవారిని అడగండి. ఇనుపకొట్టం గారు ఉక్కు మీద బతికేవారు, ఉక్కు పక్షాన మాట్లాడక ఏం చేస్తారు?

ఇనుపకొట్టం:
బతుకు దాకా వచ్చారు కనుక చెబుతాను. ఒక అపార్ట్‌మెంట్ ముందు పెట్టడానికి నాలుగు నెలలు ఒక శిల్పం చేశాం. ఊహ శిల్పిది, చేతులు మావి. అతుకు మీద వేలు పెట్టి రాస్తే అతుకు ఎక్కడుందో తెలియకూడదని కుర్రాళ్లు రాత్రిళ్లు గ్రైండింగ్ పట్టారు. రెండేళ్లకు పాత ఇనుము వ్యాపారి ఫోన్ చేశాడు. "లోపల స్టిఫెనర్లు, అదే బలానికి వేసే పట్టీలు, ఎక్కడెక్కడ వేశారు? గ్యాస్ కట్టింగుకు కష్టంగా ఉంది" అని. తీసేస్తున్నారని నాకు తెలిసింది అలా. కిలోల లెక్కన అమ్మేశారు.

ముంగిలి:
బాధపడ్డాను, నిజంగా. నాదీ వినండి. ఒక భవనానికి మెట్ల ముందు పది అడుగుల ఖాళీ వదిలాను. కారు దిగిన పెద్దవాళ్లు ఒక్క క్షణం నిలదొక్కుకోవడానికి. యజమాని సరిగ్గా అక్కడే ఒక ఉక్కు బొమ్మ తెచ్చి దించాడు. ఇప్పుడు కారు పక్కకు ఆపుతున్నారు, అక్కడ పట్టుకోవడానికి రెయిలింగు లేదు. పత్రికలో బొమ్మ ఫొటో పడింది. మెట్లు పడలేదు.

ఇనుపకొట్టం:
మీ భవనానికి శిల్పి చివర్లో వచ్చాడు, అదీ అసలు తప్పు. గీతలు గీసేటప్పుడే పక్కన కూర్చోబెట్టుకోవలసింది.

ముంగిలి:
కూర్చోబెడితే స్తంభం జరపమంటాడు.

ఇనుపకొట్టం:
జరపండి.

ముంగిలి:
జరపను. ఆ స్తంభం మీద నాలుగు అంతస్తుల బరువు ఉంది. ఆయన బొమ్మ మీద ఏ బరువూ లేదు.

ఇనుపకొట్టం:
ఇప్పుడు బయటపడింది. మీ లెక్కలో శిల్పం ఎప్పుడూ అతిథే. ఇల్లు మీది, పీట ఎక్కడ వేస్తే అక్కడ కూర్చోవాలి. స్పెయిన్‌లోని బిల్బావోలో ఆర్కిటెక్టు గెహ్రీ గీసిన మ్యూజియం చూడండి. స్తంభం లేని పొడవాటి హాలు, అందులో సెరావి ఎనిమిది పనులు. ఆ ఉక్కు వంపుల మధ్య నడిచేవారికి పైనున్న కప్పు కూడా ఇంకోలా కనబడుతుంది. అక్కడ అతిథి ఎవరు, ఇల్లు ఎవరిది?

ముంగిలి:
అది మ్యూజియం. ఆ వంపుల కోసమే టికెట్టు కొని వెళతారు. ఫెడరల్ ప్లాజాకు ఎవరూ టికెట్టు కొని రాలేదు. పనికి వచ్చారు. అతిథి మర్యాద గురించి మనమిద్దరం వాదించుకుంటున్నాం, ఆ ఇంట్లో రోజూ తిరిగేవాళ్లు వేరే ఉన్నారు.

ఇనుపకొట్టం:
మీ స్తంభం గురించి వాళ్లను ఎప్పుడైనా అడిగారా?

ముంగిలి:
లేదు.

పెనం:
గోరుతో గీకాను. పొలుసులు రాలాయి. ఇప్పుడేం చేయాలి?

ఇనుపకొట్టం:
వైరు బ్రష్షుతో బాగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, రెడ్ ఆక్సైడ్ ఒక కోటు వేయండి. వాన మొదలవక ముందే.