చెల్లెకు బీటెక్ సీఎస్‌ఈనా, నల్లగొండలో డిగ్రీనా?

మిర్యాలగూడ అన్న:
మా చెల్లె ఇంటర్ ఎంపీసీ. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో ర్యాంకు 41 వేలు. ఇబ్రహీంపట్నం వైపు మేం చూసొచ్చిన ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ ఫీజు ఏడాదికి లక్షా పది వేలు. మేం బీసీలం, ర్యాంకు పది వేలు దాటింది కాబట్టి ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ 35 వేలే. మిగతాది, హాస్టల్ ఖర్చు మనమే పెట్టుకోవాలి. బాపు అరెకరం అమ్మైనా ఇంజనీరింగే అంటున్నాడు. డిగ్రీ సీట్లిచ్చే ఆన్‌లైన్ దోస్త్‌లో నల్లగొండ ఎన్జీ కాలేజీ పెట్టి బీఎస్సీ కంప్యూటర్స్ చదివిద్దామని నేనంటున్నా. ఇంట్లో రోజూ ఇదే లొల్లి.

పానగల్లు:
బీటెక్కే. నేను బీఎస్సీ చేసి దెబ్బతిన్నా. ఒక కంపెనీ ఆన్‌లైన్ ఫారంలో క్వాలిఫికేషన్ దగ్గర నొక్కితే బీఈ, బీటెక్, ఎంసీఏ ఈ మూడే కనిపించాయి. కోడింగ్ వచ్చా రాదా అని అడిగేదాకా పోతే కదా!

దేవరకొండ పిల్లగాడు:
అన్నా, రీయింబర్స్‌మెంట్‌ను నమ్ముకుని లెక్కలేసుకోకు. నా బీటెక్ అయిపోయినా ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదని మా కాలేజీ టీసీ, మెమోలు ఆపింది. అప్పు చేసి 70 వేలు కట్టి తెచ్చుకున్నా. ఆఫర్ లెటర్ చేతిలో ఉంది, సర్టిఫికెట్లు లేవు. ఆ నెల టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

పాలమూరు సార్:
ఆరేళ్లు ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో చెప్పి, ఇప్పుడు డిగ్రీ కాలేజీలో చెబుతున్నాను. డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్ రెండు చోట్లా ఉంటాయి. బీటెక్‌లో వాటిపైన ఆటోమేటా, కంపైలర్స్, పెద్ద ప్రాజెక్టు ఉంటాయి. డిగ్రీలో ఎంపీసీఎస్ (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్ గ్రూపు) అంటే, భాషలు పక్కన పెడితే, కంప్యూటర్స్‌కు దక్కేది సుమారు మూడో వంతే, మిగతాది మ్యాథ్స్, ఫిజిక్స్. ఇది సిలబస్ మాట. ల్యాబ్‌లో కూర్చుంటే వేరే కథ. నేను పనిచేసిన ఇంజనీరింగ్ కాలేజీలో టర్బో సీ అనే పాత సాఫ్ట్‌వేర్ నీలి తెర ముందు ఇద్దరిద్దరు కూర్చుని, సీనియర్ రికార్డు చూసి ప్రోగ్రాం ఎక్కించేవారు. సెమికోలన్‌తో సహా అదే తప్పు పదిమంది రికార్డుల్లో కనిపించేది. అరెకరం అమ్మి కొనాల్సిన చదువా అది?

అయితే పానగల్లు తమ్ముడి మాటా అబద్ధం కాదు. ఒట్టి బీఎస్సీతో ఆగిపోతే కష్టమే. ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి ఎంసీఏ చేయాలి, ఇప్పుడది రెండేళ్లే. మ్యాథ్స్‌తో బీఎస్సీ చేస్తే ఈసెట్ అనే ఇంకో ప్రవేశ పరీక్ష ద్వారా బీటెక్ రెండో ఏడాదిలోనూ చేరొచ్చు. బీసీఏ అయితే ఆ దారి ఉండదు. పీజీ ప్రవేశాలకు రాసే గేట్ కూడా బీఎస్సీ మూడో ఏడాదిలోనే రాయొచ్చు.

పానగల్లు:
మూడు, రెండు ఐదేళ్లు సార్. బీటెక్ నాలుగే. ఆ ఏడాది జీతం ఎవరిస్తారు?

పాలమూరు సార్:
ఎవరూ ఇవ్వరు. కానీ నాలుగేళ్ల అప్పుకు వడ్డీ కూడా లెక్కలో వేయండి.

సూర్యాపేట అక్క:
ఇంత మాట్లాడారు, ఆ పిల్ల ఏమంటుందో ఒక్కరూ అడగలేదు.

మిర్యాలగూడ అన్న:
అడిగానక్కా. "ఫిజిక్స్ ఇంక నావల్ల కాదు, అది లేని కంప్యూటర్ చదువు ఏదైనా సరే" అంది. నేనేమో ఎంపీసీఎస్ కోసం బాపుతో వారం నుంచి కొట్లాడుతున్నా!

పాలమూరు సార్:
అయితే ఎంపీసీఎస్ పక్కన పెట్టండి. బీటెక్ మొదటి ఏడాదిలోనూ ఫిజిక్స్ పేపర్ ఉంటుంది, అది కూడా పాపకు ముందే చెప్పండి. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ గ్రూపు ఎక్కడుందో దోస్త్‌లో వెతకండి. ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లలో నల్లగొండ ఎంజీయూ (మహాత్మా గాంధీ యూనివర్సిటీ) ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారా?

మిర్యాలగూడ అన్న:
లేదు సార్. ఆప్షన్లు ఇంకా ఫ్రీజ్ చేయలేదు. ఫిజిక్స్ ఒక్క ఏడాదే అంటే ఓర్చుకుంటుందేమో అడిగి, సాయంత్రం మీసేవ దగ్గర కూర్చుని ఎప్‌సెట్, దోస్త్ రెండింట్లోనూ ఆప్షన్లు పెట్టిస్తా. బాపును కూడా తీసుకెళ్తున్నా.