ఆపినా ఆగని మోటారు: 1 హెచ్‌పీ పంపుకు 5 వోల్టుల రిలే సరిపోతుందా?

ప్రశ్న (డాబా తోట):
సంపు నుంచి డాబా మీది ట్యాంకుకు నీళ్లెక్కించే 1 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు మా ఇంట్లో ఉంది. ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డుకు 5 వోల్టుల రిలే మాడ్యూల్ (చిన్న సిగ్నల్‌తో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్) కలిపి, ఫోనులోంచే మోటారు వేసి ఆపేలా పెట్టుకున్నాను. మొదట్లో బాగానే పనిచేసింది. ఇప్పుడు ఆపమని నొక్కితే మాడ్యూల్ మీది ఎర్ర దీపం ఆరిపోతుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో రిలే మీద చిన్నగా తడితే అప్పుడు ఆగుతుంది. రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని ఉంది. మోటారు నేమ్‌ప్లేటు మీద 6 ఆంపియర్లే. లెక్క సరిపోవాలి కదా? మాడ్యూల్‌లో ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను వెలుతురుతో దాటించి రెండు వైపులనూ విడదీసే భాగం) కూడా ఉంది కాబట్టి బోర్డు వైపు భయం లేదనుకుంటున్నాను. నిన్న ట్యాంకు పొర్లి గోడంతా తడిసింది. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, దయచేసి చెప్పండి.

జవాబు (హాబీ బెంచీ):
రిలే తీసేసి 40 ఆంపియర్ల సాలిడ్ స్టేట్ రిలే పెట్టండి. అది ఎలక్ట్రానిక్ స్విచ్, అందులో కలిసి విడిపోయే లోహపు పాయింట్లే ఉండవు, అతుక్కునే సమస్యా రాదు. 3.3 వోల్టుల సిగ్నల్‌తోనే పనిచేసేవి దొరుకుతాయి.

జవాబు (ప్యానెల్ వైరింగ్):
డాబా తోట గారూ, ముందు ఎమ్‌సీబీ (సర్క్యూట్ బ్రేకర్) దించి ఆ రిలేను మోటారు లైనులోంచి తీసేయండి. తట్టి ఆపడం ఇక వద్దు. లోపల పాయింట్లు అతుక్కుపోయాయి. ప్యానెళ్లు కట్టడమే నా పని. ఇలాంటి రిలే మూత విప్పితే రెండు పాయింట్లూ నల్లబడి, ఒకదాని అంచు కరిగి రెండోదానికి అంటుకుని కనిపిస్తుంది.

ఆ 10 ఆంపియర్లు హీటరు లాంటి లోడుకు చెప్పిన లెక్క. మోటారు కదలడం మొదలయ్యే క్షణంలో నేమ్‌ప్లేటు కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. మీ మోటారు 30 ఆంపియర్లు దాటుతుంది. సరిగ్గా అప్పుడే పాయింట్లు ఒకదాన్నొకటి కొట్టుకుని అతి స్వల్పంగా ఎగిరిపడతాయి. ఆ సందులో నిప్పు లేచి లోహం కరుగుతుంది. చల్లారేసరికి అతుకుతుంది.

ఆప్టోకప్లర్ సంగతి కూడా చూసుకోండి. మాడ్యూల్ మీద వీసీసీ, జేడీ-వీసీసీ అనే పిన్నులను కలుపుతూ చిన్న జంపర్ ఉంటుంది. అది పెట్టే ఉంటే రిలే పాయింట్లను లాగే కాయిల్‌కూ (తీగచుట్ట) మీ బోర్డుకూ సరఫరా ఒక్కటే, ఆప్టోకప్లర్ ఉన్నా విడదీసినట్లు కాదు. అప్పుడు 230 వోల్టులను బోర్డు వైపు రాకుండా ఆపేది రిలే లోపలి ఖాళీ దూరం, మాడ్యూల్ బోర్డు మీది ఖాళీ దూరం మాత్రమే. మాడ్యూల్ తిరగేసి చూడండి. పాయింట్ల టంకానికీ కాయిల్ టంకానికీ మధ్య గాడి కోసి లేకపోతే, కనీసం 6 మిల్లీమీటర్ల దూరమైనా లేకపోతే, దాన్ని 230 వోల్టుల పనికి వాడకండి.

సాలిడ్ స్టేట్ రిలే మంచి వస్తువే, ఇక్కడ మాత్రం నేను పెట్టను. పాడైతే ఎక్కువసార్లు షార్టయి పాడవుతుంది, అంటే మోటారు ఆగదు. ఆఫ్‌లో ఉన్నా కొద్దిగా కరెంటు లీకవుతుంది. ఆపేశాం కదా అని తీగ పట్టుకుంటే షాక్ కొట్టవచ్చు. ఆంపియరుకు దాదాపు ఒక వాటు వేడి కూడా వస్తుంది కనుక హీట్‌సింక్ కావాలి.

మీకు కావలసింది కాంటాక్టర్, అంటే మోటార్ల లాంటి పెద్ద లోడుకు చేసిన పెద్ద రిలే. మోటారు భారమంతా అది మోస్తుంది. చిన్న రిలే దాని కాయిల్‌ను మాత్రం నడపాలి. కొనేటప్పుడు మోటార్లకు చెప్పే ఏసీ-3 రేటింగ్ అడగండి, 12 ఆంపియర్లది తీసుకోండి. ఏసీ-1 అని పక్కనే రాసి ఉండే పెద్ద అంకె హీటరు లాంటి లోడుకు, మోటారుకు పనికిరాదు. కింద ఓవర్‌లోడ్ రిలే (కరెంటు మితిమీరితే మోటారును ఆపేది) బిగించి నేమ్‌ప్లేటు కరెంటుకు సెట్ చేయండి. మీది సింగిల్ ఫేజ్ కాబట్టి దాని మూడు పోళ్లలోనూ కరెంటు పారేలా లూప్ వేయాలి. లేకపోతే చాలా ఓవర్‌లోడ్ రిలేలు ఒక ఫేజ్ పోయిందనుకుని ట్రిప్పవుతాయి.

డాబా తోట:
చాలా థాంక్సండీ. కొట్టులో 230 వోల్టుల కాయిల్ కాంటాక్టర్ ఇస్తున్నారు. ట్యాంకు నిండితే దానంతటదే ఆగేలా ఫ్లోట్ స్విచ్‌ను కూడా ఆ కాయిల్ తీగలోనే వేయవచ్చా?

ప్యానెల్ వైరింగ్:
వేయాలి, కానీ 230 వోల్టుల తీగ నీళ్లలోకి దించకండి. ఫ్లోట్ కేబుల్ ఎండకు ఎండి ఎక్కడో చిట్లుతుంది, ఆ నీళ్లే మీ కుళాయిలోకి వస్తాయి. 24 వోల్టుల డీసీ కాయిల్ కాంటాక్టర్ అడగండి, తెప్పించి ఇస్తారు. మెయిన్స్‌తో సంబంధం లేకుండా విడదీసిన 24 వోల్టుల పవర్ సప్లై పెట్టి, ప్లస్ తీగను ఫ్లోట్, ఓవర్‌లోడ్‌లోని 95-96 (ట్రిప్పయితే తెరుచుకునే పాయింట్లు), మీ చిన్న రిలే పాయింట్ల మీదుగా వరుసగా కాంటాక్టర్ కాయిల్ ఒక కొస అయిన ఏ1కు తీసుకెళ్లండి. రెండో కొస ఏ2 నుంచి మైనస్‌కు. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడు, గీత ఉన్న కొస ఏ1 వైపు. ఇలా కడితే ఈఎస్‌పీ32 బిగుసుకుపోయినా, చిన్న రిలే అతుక్కున్నా ఫ్లోట్ ఒక్కటే మోటారును ఆపగలదు.

మోటారు బాడీకి ఎర్త్, లైనుకు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్) తప్పనిసరి. 230 వోల్టుల వైపు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత కట్టించండి. అయ్యాక ఫోనులో మోటారు వేసి, ఎవరినైనా డాబా మీదికి పంపి ఫ్లోట్‌ను చేత్తో పైకెత్తించండి. ఫోను ఇంకా ఆన్ అని చూపిస్తుండగానే మోటారు ఆగాలి. ఆగకపోతే ఎమ్‌సీబీ దించి, వైరింగ్ ఫొటో ఇక్కడ పెట్టండి, చూస్తాను.