జూలియస్ సీజర్‌ను ‘చక్రవర్తి’ అనవచ్చా?

ప్రశ్న: పిల్లల పుస్తకం ఒకటి ప్రూఫులు దిద్దుతున్నాను. ‘రోమన్ చక్రవర్తి జూలియస్ సీజర్’ అని ఉంది. ఎక్కడ చూసినా ఇలాగే రాస్తున్నారు. ఉంచెయ్యనా, మార్చాలా?

జవాబు: తప్పకుండా మార్చండి. సీజర్ చక్రవర్తి కాడు, డిక్టేటర్, అంటే ఆపద వేళ కొంతకాలానికి సర్వాధికారాలూ అప్పగించే రోమన్ పదవిలో ఉన్నవాడు. క్రీ.పూ. 44 ఫిబ్రవరిలో జీవితాంతం డిక్టేటర్‌గా ఉండే పదవి పొందాడు. అదే నెలలో లూపర్కాలియా పండుగనాడు అనుచరుడు ఆంటొనీ వచ్చి సీజర్ తలమీద కిరీటం పెట్టబోతే వద్దన్నాడు. రాజును వెళ్లగొట్టి గణతంత్రం పెట్టుకున్నామని తరతరాలుగా చెప్పుకునే ఊరు రోము. అక్కడ ‘రెక్స్’, అంటే రాజు, అన్నది తిట్టు కింద లెక్క. ఈయన ఎక్కడ రాజవుతాడోనన్న భయంతోనే మార్చి 15న పొడిచి చంపారు. ముందే చక్రవర్తి అనేస్తే, ఆయన్ని ఎందుకు చంపారో పిల్లలకు అర్థం కాదు.

ఇక మనం చక్రవర్తి అని తెలుగు చేస్తున్న లాటిన్ మాట ‘ఇంపెరాటర్’. మొదట్లో దానికి సింహాసనంతో సంబంధమే లేదు. యుద్ధం గెలిచిన సేనానికి సైనికులు ‘ఇంపెరాటర్’ అని జేజేలు కొట్టేవారు. మళ్లీ గెలిస్తే మళ్లీ కొట్టేవారు. సీజర్ వారసుడు అగస్టస్ తన ఘనకార్యాల శాసనంలో తనను 21 సార్లు ఇంపెరాటర్ అన్నారని లెక్క చెప్పుకున్నాడు. ఒకే మనిషిని 21 సార్లు చక్రవర్తిని చేయరు కదా! ఆయనే ఆ బిరుదును సొంత పేరు ముందు తగిలించుకున్నాడు. తర్వాత వచ్చిన టైబీరియస్ పేరు ముందు అది వద్దన్నాడు. పాలకుడి కుటుంబం బయట ఆ గౌరవం చివరిసారిగా దక్కింది క్రీ.శ. 22లో, ఆఫ్రికాలో గెలిచిన బ్లేసస్ అనే సేనానికి. ఆ తర్వాతి కాలపు పాలకుడు వెస్పాసియన్ నాటినుంచి అది పాలకుడి పేరులో స్థిరపడిపోయింది.

మరో సభ్యురాలు: మన చక్రవర్తి వేరు కదండీ. ఎవరి రథచక్రం అడ్డులేకుండా తిరుగుతుందో ఆయన చక్రవర్తి. జగ్గయ్యపేటలో దొరికిన శిల్పంలో చక్రవర్తి చెయ్యి పైకెత్తి నిలబడితే, పక్కనే చక్రం, ఏనుగు, గుర్రం కనిపిస్తాయి. రోములో ఇలాంటి ఊహ లేదా?

జవాబు: భలే చోట పట్టుకున్నారు. రోము కథలో చక్రం ముందే తిరిగింది, చక్రవర్తి తర్వాత వచ్చాడు. సిసిలీ క్రీ.పూ. 241లో, ఆఫ్రికాలోని కార్తేజ్, గ్రీసులోని కొరింత్ 146లో, గాల్ దేశం (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) 50 నాటికి చేతికొచ్చాయి. ఇదంతా సెనేటు అనే పెద్దల సభ, ఏటేటా ఎన్నికయ్యే కాన్సుల్స్ అనే అత్యున్నత అధికారులు, వాళ్ల సేనానులు గెలిచింది. ‘చక్రవర్తులు సామ్రాజ్యాన్ని నిర్మించారు’ అని రాసేస్తే ఇదంతా కనబడకుండా పోతుంది. పైగా క్రీ.శ. 9లో జర్మనీ అడవుల్లో మూడు లీజియన్లు (రోమన్ సేనాదళాలు) తుడిచిపెట్టుకుపోయాక, సామ్రాజ్యాన్ని ఉన్న సరిహద్దుల్లోనే ఉంచమని అగస్టస్ రాసిపెట్టి పోయాడు. తర్వాతి చక్రవర్తుల్లో క్లాడియస్ 43లో బ్రిటన్‌ మీదికి సైన్యం పంపాడు, ట్రాజన్ డేసియా (నేటి రొమేనియా ప్రాంతం) గెలిచి పర్షియన్ సింధుశాఖ దాకా వెళ్లాడు. కానీ ట్రాజన్ తర్వాత హాడ్రియన్ గద్దెనెక్కగానే ఆ తూర్పు గెలుపులు వదిలేశాడు. చక్రం ఆపడం కూడా అక్కడ పాలకుడి పనే.

ప్రశ్న అడిగినవారు: అయితే అగస్టస్‌కు ఏం రాయమంటారు?

జవాబు: చక్రవర్తి అనే రాయండి, ఇబ్బంది లేదు. ఆయన మాత్రం తనను ‘ప్రిన్‌కెప్స్’ అనిపించుకున్నాడు, ‘ప్రథమ పౌరుడు’ అంటే సరిపోతుంది. ఈ తంటా మనకొక్కరికే కాదు. అంకారాలోని గుడి గోడమీద ఆయన శాసనం లాటిన్‌లోనూ గ్రీకులోనూ ఉంది. గ్రీకు చేసినవాళ్లు ఇంపెరాటర్‌ను ‘ఆటోక్రాటోర్’ అనీ, ప్రిన్‌కెప్స్‌ను ‘హెగెమోన్’ అనీ రాశారు. రాజుకు వాళ్ల దగ్గర ‘బసిలెవ్స్’ అన్న మాట సిద్ధంగా ఉన్నా శాసనంలో అగస్టస్‌కు అది వాడలేదు. మీ పుస్తకంలో అగస్టస్ దగ్గర ‘మొదటి చక్రవర్తి, తనను ప్రథమ పౌరుడనే చెప్పుకున్నాడు’ అనండి. సీజర్ దగ్గర ‘సేనాని, డిక్టేటర్’ అని దిద్దండి.