పీహెచ్‌పీ అర్రేలో ఆబ్జెక్ట్‌నే కీగా పెట్టొచ్చా?

ప్రశ్న (అల్లూరు నుంచి):
మా మామ రొయ్యల గుంటల మేత లెక్క కోసం పీహెచ్‌పీ 8.2లో చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నా. ఒక్కో గుంట ఒక్కో ఆబ్జెక్ట్: ఎకరాలు, పిల్ల వదిలిన తేదీ, కిందటి శాంపిల్లో వచ్చిన కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) అన్నీ అందులోనే. ఏ గుంటకు ఇవాళ ఎన్ని కిలోల మేత పడిందో అర్రేలో (కీ ఇస్తే దాని విలువ చూపే పట్టికలో) రాద్దామని గుంట ఆబ్జెక్ట్‌నే కీగా ఇస్తే 'ఇల్లీగల్ ఆఫ్‌సెట్ టైప్' అని ఆగిపోతోంది. పైథాన్ డిక్షనరీలో ఇదే పని ఏ గొడవా లేకుండా అయింది. ఇక్కడెట్టా?

జవాబు (కావలి):
పీహెచ్‌పీ అర్రేకి కీ అంటే పూర్ణాంకమో స్ట్రింగో, అంతే తమ్ముడూ. 'ఎస్‌పీఎల్ ఆబ్జెక్ట్ ఐడీ' ఫంక్షన్ వాడు, నంబర్ ఇస్తుంది. పీహెచ్‌పీ 7.2 నుంచి ఉంది.

జవాబు (నెల్లూరు):
కావలి అన్న చెప్పింది పనిచేస్తుంది గానీ, ఆ నంబర్‌ని నమ్ముకోకు అబ్బయా. ఆబ్జెక్ట్ బతికున్నంత వరకే అది దానిది. ఒక గుంట పట్టుబడి అయిపోయి దాని ఆబ్జెక్ట్ మెమరీలోంచి పోయిందనుకో, తర్వాత పుట్టేదానికి అదే నంబర్ రావచ్చు. అర్రేలో పాత లెక్క అట్టాగే ఉంటుంది కదా, నిన్న పిల్ల వదిలిన గుంటకు నాలుగు నెలల మేత పడినట్టు చూపిస్తుంది. ఎర్రర్ కూడా రాదు. అప్పుడు మీ మామకి ఏం చెప్తావు?

ఆబ్జెక్టే కీగా కావాలంటే 'ఎస్‌పీఎల్ ఆబ్జెక్ట్ స్టోరేజ్' ఉంది. అది ఆబ్జెక్ట్‌ని వదలదు కాబట్టి ఈ తంటా రాదు. ఒక్కటే తిరకాసు, ఫర్‌ఈచ్ (ఒక్కోటీ వరసగా చూసే లూప్) తిప్పితే గుంట కీ వైపు కాకుండా వాల్యూ వైపు వస్తుంది. పీహెచ్‌పీ 8.0లో వచ్చిన వీక్‌మ్యాప్‌లోనూ ఆబ్జెక్టే కీ, అందులో కీ వైపే వస్తుంది, కానీ గుంట ఆబ్జెక్ట్‌ని ప్రోగ్రామ్‌లో ఇంకేదీ పట్టుకోకపోతే లెక్క కూడా దాంతో పాటే పోతుంది. క్యాష్‌కి (మళ్లీ లెక్కించకుండా తాత్కాలికంగా దాచుకునేదానికి) బాగుంటుంది, మేత లెక్కకి పనికిరాదు.

అసలు గుంటలు డేటాబేస్‌లోంచే వస్తున్నాయా? అయితే ఇవేవీ వద్దు. ఒకే గుంటను రెండుసార్లు తెచ్చి రెండు ఆబ్జెక్టులు చేశావంటే పొద్దున మేత ఒకదానికీ సాయంత్రం మేత ఇంకోదానికీ పడుతుంది. గుంట నంబరే కీగా పెట్టుకో.

అల్లూరు:
డేటాబేసే అన్నా. కాకపోతే ఏడో గుంటకి మధ్యలో కట్ట వేసి 7.1, 7.2 అని రాసుకున్నారు.

నెల్లూరు:
దశాంశ సంఖ్యగా ఇస్తే రెండూ 7 కిందికే పోతాయి. డెప్రికేటెడ్ (ఈ పద్ధతి ఇక వాడొద్దు) అని గొణుగుతుందే గానీ ఆపదు. స్ట్రింగ్‌గా ఇయ్యి, '7.1' అట్టాగే నిలబడుతుంది. ఉత్త '8' మాత్రం స్ట్రింగ్‌గా ఇచ్చినా పూర్ణాంకం అయిపోతుంది, మూడు ఈక్వల్స్‌తో (===, విలువతో పాటు రకం కూడా చూస్తుంది) పోల్చేచోట చూసుకో.