చైనా స్టడీ టూర్: డబ్బులు, ఫోన్, తిండి సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

భీమిలి బ్యాక్‌బెంచ్:
అందరికీ నమస్తే. వైజాగ్‌లో ఆర్కిటెక్చర్ నాలుగో ఏడాది చదువుతున్నాను. ఏప్రిల్ చివర్లో మా క్లాసు చైనా స్టడీ టూర్‌కి వెళ్తోంది. బీజింగ్, షియాన్, షాంఘై. బీజింగ్‌లో ఒక యూనివర్సిటీ హాస్టల్లో ఉంటాం, మిగతా రెండు ఊళ్లలో హోటళ్లు. వీసా, విమానం టికెట్లు కాలేజీవాళ్లే చూస్తున్నారు కాబట్టి వాటి బెంగ లేదు. నాకు తెలియనిదల్లా అక్కడ రోజు ఎలా గడుస్తుందన్నదే. క్యాష్ ఎవరూ తీసుకోరంటున్నారు, మన యూపీఐ అక్కడ పనిచేయదు, మరి టీ తాగాలన్నా ఎలా? వాట్సాప్ లేకపోతే ఇంటికి ఎలా మాట్లాడాలి? నేను గుడ్డు తింటాను, మాంసం, చేపలు ముట్టను. అమ్మ అప్పుడే ఆవకాయ, కందిపొడి, నెయ్యి డబ్బా సర్దేస్తోంది. పైగా రోజూ డైరీ రాసి తిరిగొచ్చాక రిపోర్ట్ ఇవ్వాలట. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

షాంఘైలో గోదారోడు:
చెల్లీ, ఇక్కడికి వచ్చే మనవాళ్లంతా తిండి గురించే భయపడతారు. అసలు టెన్షన్ ఫోన్‌తో వస్తుంది. ఇక్కడ మెట్రో, టాక్సీ, క్యాంటీన్, అద్దె సైకిల్, మ్యూజియం టికెట్ అన్నీ ఫోన్ మీదే నడుస్తాయి. ఆ ఒక్కటీ బయల్దేరేముందు సరిచూసుకుంటే మిగతాది దానంతటదే కుదురుకుంటుంది.

డబ్బు చెల్లించడానికి అలీపే, వీచాట్ అని రెండు యాప్‌లు. 2023 నుంచి వీటికి విదేశీ వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులు నేరుగా జత చేసుకోవచ్చు. చిక్కేమిటంటే 2020లో మన ప్రభుత్వం నిషేధించిన యాప్‌లలో ఈ రెండూ ఉన్నాయి. అందుకే మన ప్లే స్టోర్‌లో కనబడవు. మీరు బ్యాంకాకో కౌలాలంపూరో మీదుగా వస్తుంటే, అక్కడ విమానం మారే ఖాళీలో అలీపే సొంత వెబ్‌సైట్ నుంచి దించుకోండి. పాస్‌పోర్ట్ ఫోటో పెట్టి, కార్డు జత చేసే పని కూడా అక్కడే కానివ్వండి. బీజింగ్‌లో దిగాక అర్ధరాత్రి, నిద్రమత్తులో, క్యూలో నిలబడి చేసే పని కాదది.

కార్డు జత చేసేటప్పుడు ఓటీపీ వస్తుంది, అదీ మీ ఇండియా నంబర్‌కే. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. డబ్బులు మిగులుతాయని ఇండియా సిమ్ తీసేసి ఇక్కడి సిమ్ వేసుకుంటారు, ఓటీపీ రాదు, కార్డు ఎక్కదు. మీ సిమ్‌కి రోమింగ్ ఆన్ చేయించుకునే బయల్దేరండి. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు కూడా ఆన్ చేయాలి, మన కార్డుల్లో అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. రూపే కార్డును నమ్ముకుని రావొద్దు. వీలైతే రెండు వేరు వేరు బ్యాంకుల కార్డులు తెచ్చుకోండి.

200 యువాన్ల లోపు బిల్లుకి అదనపు ఛార్జీ లేదు, అది దాటితే 3 శాతం పడుతుంది. కాబట్టి పదిమంది తిన్న బిల్లు ఒక్కరు కట్టకుండా ఎవరిది వాళ్లు కట్టుకోండి. విదేశీ కార్డుతో ఒకరి ఖాతాలోంచి ఇంకొకరికి డబ్బు పంపడం కుదరకపోవచ్చు. ఫ్రెండ్స్ మధ్య లెక్కలన్నీ మన యూపీఐలోనే తేల్చుకోవడం మేలు. యువాన్ అంటే ఎన్ని రూపాయలో ఆరోజు రేటు చూసుకుని లెక్క వేసుకోండి.

వాట్సాప్ విషయానికొస్తే ఇక్కడి వైఫై మీద గూగుల్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ ఏవీ తెరుచుకోవు. హోటల్ వైఫై అయినా, యూనివర్సిటీ వైఫై అయినా ఇంతే. అయితే ఇండియా సిమ్ రోమింగ్ డేటా మన ఆపరేటర్ మీదుగానే తిరిగి వస్తుంది కాబట్టి అందులో వాట్సాప్ మామూలుగా పనిచేస్తుంది. ప్రయాణికుల కోసం అమ్మే ఈ-సిమ్‌లలో కూడా చాలావరకు వాట్సాప్ ఇలాగే పనిచేస్తుంది. రాత్రి అమ్మతో మాట్లాడాలంటే వైఫై ఆపి రోమింగ్ డేటాలోకి రండి, అంతే. ఇక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. మీకు రాత్రి పదకొండు అయితే ఇంట్లో ఎనిమిదిన్నర, ఆమెకీ తీరిక దొరుకుతుంది.

గూగుల్ మ్యాప్స్ పనిచేసినా నమ్మొద్దు. ఇక్కడి మ్యాపులకు వేరే కొలత పద్ధతి వాడతారు, అందుకని చుక్క రోడ్డుకి అవతల పడుతుంది. ఐఫోన్ ఉంటే ఆపిల్ మ్యాప్స్ చాలు, లేదంటే ఇక్కడివాళ్లు వాడే ఆమాప్ వేసుకోండి.

నింగ్బో మెడికో:
అన్న చెప్పినవన్నీ కరెక్టే. కానీ క్యాష్ అక్కర్లేదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

షాంఘైలో గోదారోడు:
అక్కర్లేదని నేనెక్కడన్నాను బాబూ.

నింగ్బో మెడికో:
చదివితే అలాగే అనిపించింది అన్నా, సారీ. చెల్లీ, క్యాష్ తీసుకోనని దుకాణదారు అనడం ఇక్కడి సెంట్రల్ బ్యాంకు రూల్స్‌కి విరుద్ధం. అయితే చిల్లర ఉండదు. 100 యువాన్ల నోటు ఇస్తే కొట్లో ముసలమ్మ పక్కకొట్టుకి పరుగెత్తాల్సి వస్తుంది. అందుకని బ్యాంక్ ఆఫ్ చైనా ఏటీఎంలో కొంచెం తీసి, 10, 20 నోట్లుగా మార్చి పెట్టుకోండి. రోడ్డుపక్క బండి దగ్గర సొంత క్యూఆర్ బోర్డు ఉంటుంది చూడండి, కొన్నిసార్లు దానికి విదేశీ కార్డుతో డబ్బు వెళ్లదు. బ్యాటరీ అయిపోయిన రోజు కూడా ఆ నోట్లే దిక్కు.

ఇంకో ముఖ్యమైన సంగతి. చైనాకి వచ్చిన విదేశీయులు ఎక్కడ దిగారో 24 గంటల్లో పోలీసు రికార్డుల్లో నమోదు కావాలి. హోటల్ అయితే రిసెప్షన్‌లో పాస్‌పోర్ట్ స్కాన్ చేసినప్పుడే అయిపోతుంది. యూనివర్సిటీ హాస్టల్ అయితే వాళ్ల అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు చేయిస్తుందా, మీరే వెళ్లాలా అని మీ సార్‌ని ముందే అడగమనండి. వీకెండ్‌లో దిగుతుంటే తప్పకుండా అడగాలి. ఏదైనా తేడా వస్తే ఇమిగ్రేషన్ హెల్ప్‌లైన్ 12367, ఇంగ్లిష్‌లో మాట్లాడతారు. పోలీసు 110, అంబులెన్స్ 120, ఫైర్ 119.

భీమిలి బ్యాక్‌బెంచ్:
థాంక్యూ అన్నా ఇద్దరికీ. ఓటీపీ సంగతి మా బ్యాచ్‌లో ఎవరికీ తట్టలేదు, ఇప్పుడే గ్రూపులో పెట్టాను. సగంమంది దగ్గర రూపే కార్డులే ఉన్నాయట! మరి తిండి?

పప్పుచారు ప్రయాణికురాలు:
తిండి సంగతి నేను చెప్తానమ్మా. నేనూ నీలాగే గుడ్డు వరకే. ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్ మీద బీజింగ్‌లో ఉండి వచ్చాను.

ముందు టైమింగ్స్ అలవాటు చేసుకో. క్యాంటీన్‌లో పొద్దున ఏడింటికే టిఫిన్, పదకొండున్నరకి లంచ్ రద్దీ, సాయంత్రం ఐదున్నరకే డిన్నర్ మొదలు. మనలాగా రాత్రి తొమ్మిదింటికి ప్లేటు పట్టుకుని వెళ్తే బల్లలు తుడుస్తూ ఉంటారు. మధ్యాహ్నం తిన్నాక ఒక కునుకు తీయడం వాళ్లకి మామూలు, ఆ టైములో ఆఫీసుకి వెళ్లి ఎవర్నీ అడక్కు.

టిఫిన్‌కి సోయా పాలు, నూనెలో వేయించిన పొడుగాటి యోత్యావ్, టీ ఆకుల నీళ్లలో ఉడికించిన గుడ్లు దొరుకుతాయి. ఆవిరి మీద ఉడికిన బావోజీల్లో కూరగాయలు పెట్టినవి అడిగి తీసుకో. ఎక్కువగా పంది మాంసమే ఉంటుంది, పైకి చూస్తే తేడా తెలియదు. భోజనానికి తెల్లన్నం ఎక్కడైనా ఉంటుంది. దాంతో టమాటా గుడ్డు కూర, వెనిగర్, ఎండుమిర్చి వేసి వేయించిన బంగాళాదుంప తురుము, ‘దీ సాన్ షియెన్’ అని వంకాయ, బంగాళాదుంప, క్యాప్సికం కలిపిన కూర తీసుకో. ఈ మూడింటితో నేను నెలల తరబడి నెట్టుకొచ్చాను. వంకాయ కూర అయితే ఇంటికొచ్చాక కూడా చేసుకుంటున్నాను. షియాన్‌లో ‘లియాంగ్ పీ’ అని చల్లటి నూడుల్స్, మిరప నూనె, వెనిగర్‌తో ఇస్తారు. మన నాలుకకి అది దేవుడిచ్చిన వరం. సిచువాన్ మిరియం తగిలితే నోరు తిమ్మిరెక్కుతుంది, గాబరా పడకు, అది అలాగే ఉంటుంది.

ఊరికే ‘వెజిటేరియన్’ అంటే కూర మీద కొంచెం మాంసం కైమా చల్లి ఇస్తారు, వాళ్ల దృష్టిలో అది కూరగాయల వంటకమే. కాబట్టి ఏవేవి వద్దో విడివిడిగా రాయించుకోవాలి: మాంసం, కోడి, చేప, రొయ్య, మాంసం ఉడికించిన నీళ్లు, పంది కొవ్వు నూనె. అనువాద యాప్‌లో చైనీస్‌లోకి మార్చి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, తెలిసినవాళ్లతో ఒకసారి చదివించు. బౌద్ధ ఆలయాల దగ్గర ఉండే శాకాహార హోటళ్లలో ఈ గోల లేదు.

నెయ్యి డబ్బా మాత్రం ఇంట్లోనే వదిలెయ్. మాంసం, పాల పదార్థాలు, తాజా పళ్లు, విత్తనాలు లోపలికి తేకూడదని కస్టమ్స్ నిషేధ జాబితాలో ఉంది. ఆవకాయ, పొడులు గట్టిగా సీల్ చేసి చెక్-ఇన్ సామానులో పెట్టు. అమ్మకి చెప్పు, రెండు కిలోల పచ్చడి కంటే పావుకిలో కందిపొడి ఎక్కువ పనికొస్తుందని. వేడి అన్నం ఎలాగూ దొరుకుతుంది కదా.

నీళ్లు కుళాయివి తాగొద్దు. రైల్లో, స్టేషన్‌లో, హాస్టల్ వరండాలో కాగిన నీళ్ల మెషీన్లు ఉంటాయి, స్టీలు ఫ్లాస్కు తెచ్చుకో. చల్లనీళ్లు అడిగితే వింతగా చూస్తారు. ఇంకొకటి, పబ్లిక్ టాయిలెట్లలో చాలాచోట్ల కాగితం ఉండదు, నీళ్ల పైపూ ఉండదు. టిష్యూ ప్యాకెట్, చిన్న బాటిల్ ఎప్పుడూ బ్యాగులోనే ఉంచుకో. ఇది ఎవరూ ముందు చెప్పరు.

రైలు పిచ్చోడు:
మీరు ఊళ్ల మధ్య రైల్లోనే వెళ్తారనుకుంటా. బీజింగ్ వెస్ట్ నుంచి షియాన్ నార్త్‌కి హైస్పీడ్ రైల్లో రైలుని బట్టి సుమారు నాలుగు నుంచి ఆరు గంటలు. పాస్‌పోర్టే టికెట్, పేపరు టికెట్ ఉండదు. గేటు దగ్గర ఇక్కడివాళ్లు ఐడీ కార్డు తాకించి వెళ్లిపోతారు. మీకు ఆ మెషీన్ పాస్‌పోర్ట్ చదవకపోతే పక్కనే మనిషి ఉన్న గేటుకి వెళ్లాలి. రైలు కదలడానికి కొన్ని నిమిషాల ముందే గేటు మూసేస్తారు, బతిమాలినా తెరవరు. స్టేషన్ ఎయిర్‌పోర్టంత ఉంటుంది, సామాను స్కానింగ్‌కి కూడా టైము పడుతుంది. గుంపుగా వెళ్లేటప్పుడు గంట ముందు చేరండి. స్కెచింగ్ కోసం కట్టర్లు, పేపర్ నైఫ్‌లు తెస్తున్నారేమో, మెట్రో స్కానర్ దగ్గరే పట్టుకునే అవకాశం ఉంది. 120 మిల్లీలీటర్లు దాటిన స్ప్రే డబ్బాలు రైల్లోకి రానివ్వరు.

మే 1 సెలవులు మీ టూర్‌లోకి వస్తాయా? వస్తే ఆ రోజుల్లో ఊరు మారే ప్రయాణం పెట్టుకోవద్దని సార్‌కి చెప్పండి. టికెట్లు 15 రోజుల ముందు తెరుస్తారు, పండగ రోజులవి చూస్తుండగానే అయిపోతాయి.

మ్యూజియం మాస్టారు:
డైరీ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. నేను విద్యార్థులను తీసుకెళ్లిన మాస్టారిని. పిల్లలు రాత్రి కూర్చుని ‘పొద్దున లేచాం, బస్సెక్కాం’ అని రాస్తారు, చదవలేక చచ్చాను. మీరు ఆర్కిటెక్చర్ కాబట్టి రోజుకి ఒక్క కట్టడమో ఒక్క వీధో ఎంచుకుని దాన్నే గీయండి, కొలవండి, మిగతా రోజంతా రెండు వాక్యాల్లో తేల్చేయండి. షియాన్ నగర గోడ చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు. పైన సైకిళ్లు అద్దెకిస్తారు, సాయంత్రం ఎక్కితే గోడ లోపలి ఊరికీ బయటి ఊరికీ తేడా మీకే కనబడుతుంది. అదే ఒక రోజు డైరీ.

షియాన్‌లోనే ‘పెద్ద అడవి బాతు పగోడా’ ఉంది. హుయాన్‌త్సాంగ్ 645లో మన దేశం నుంచి తీసుకెళ్లిన గ్రంథాలను భద్రపరచడానికి 652లో కట్టింది. ఆయన మన ధాన్యకటకానికి, అంటే ఇప్పటి అమరావతి ప్రాంతానికి కూడా వచ్చి వెళ్లాడు. వెళ్లేముందు ఒక ఆదివారం అమరావతి స్తూపం చూసి రండి, రిపోర్ట్‌లో రెండు దేశాలనీ కలిపే మంచి లింకు దొరుకుతుంది.

బీజింగ్ ఫర్‌బిడెన్ సిటీకి అక్కడికెళ్లి టికెట్ కొందామంటే కుదరదు. ఏడు రోజుల ముందు పాస్‌పోర్ట్ నంబర్‌తో ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, నంబర్‌లో ఒక్క అంకె తేడా ఉన్నా లోపలికి పంపరు. సోమవారాలు మామూలుగా మూత. దక్షిణం వైపు మెరిడియన్ గేటులో వెళ్లి మామూలుగా ఉత్తరం వైపు బయటికి వస్తారు, వచ్చిన గేటు నుంచే వెనక్కి రావడం ఉండదు. అందుకే బస్సుని ముందే ఉత్తరం వైపు పెట్టించండి. తియానన్‌మెన్ స్క్వేర్‌కీ ముందస్తు బుకింగ్ కావాలి. పోలీసులను, సైనికులను ఫోటో తీయకండి.

బీజింగ్ వాంగ్‌ఫూజింగ్‌లో, షాంఘై నాన్‌జింగ్ రోడ్‌లో ఎవరైనా చక్కటి ఇంగ్లిష్‌లో పలకరించి ‘టీ రుచి చూద్దాం రండి’ అంటే నవ్వి ముందుకి నడవండి. బిల్లు వేలల్లో వస్తుంది. మీతో ఫోటో దిగుతామని అడిగే కుటుంబాలు వేరు, వాళ్లది నిజంగా సరదానే.

భీమిలి బ్యాక్‌బెంచ్:
మాస్టారూ, నమస్కారం. గోడ ఐడియా చాలా బాగుంది. ఆఖరి ప్రశ్న: పవర్‌బ్యాంక్ తెచ్చుకోవచ్చా? ప్లగ్ మనదే సరిపోతుందా?

షాంఘైలో గోదారోడు:
ప్లగ్ సరిపోదు, రెండు చదును పిన్నుల అడాప్టర్ తెచ్చుకో. కరెంటు 220 వోల్టులే. పవర్‌బ్యాంక్ రైల్లో పరవాలేదు. ఎప్పుడైనా చైనా లోపల విమానం ఎక్కాల్సి వస్తే దాని మీద ‘3సీ’ గుర్తు, అంటే చైనా వాళ్ల భద్రతా ధ్రువీకరణ ముద్ర ఉండాలి. 2025 జూన్ 28 నుంచి ఆ గుర్తు లేనివాటిని దేశీయ విమానాల్లోకి రానివ్వడం లేదు, మన దగ్గర కొన్నవాటిలో చాలావాటికి అది ఉండదు. ఎందుకొచ్చిన గొడవ, ఇక్కడ చాలా హోటళ్లలో, మెట్రోల దగ్గర అద్దె పవర్‌బ్యాంకులు ఉంటాయి, అలీపేతో స్కాన్ చేసి తీసుకుని ఇంకోచోట పెట్టేయొచ్చు. బ్యాటరీ పూర్తిగా చచ్చేదాకా మాత్రం ఆగొద్దు, స్కాన్ చేయడానికీ ఫోన్ కావాలి కదా.