డైట్ చేస్తూనే ఉన్నా, బరువు కదలట్లేదు: బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లు ఏం చేశారు?

కుందలహళ్లి గేట్

అందరికీ నమస్కారం. వయసు 38, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 88. సొంతూరు నరసరావుపేట దగ్గర, బెంగళూరు వచ్చి పన్నెండేళ్లు. వచ్చినప్పుడు 69 ఉండేవాణ్ని.

చేయని డైట్ లేదు. కొబ్బరినూనె, వెన్న, నిమ్మకాయలు అంటూ ఊరూవాడా ఊగిపోయిన రోజుల్లో నేనూ మూడు నెలలు అన్నం ముట్టలేదు. 9 కిలోలు తగ్గాను. తర్వాత మా బావమరిది పెళ్లిలో పులిహోర తిన్నా. ఒక్క పూటే కదా అనుకున్నా. ఆరు నెలల్లో 11 పెరిగాను. ఆ తర్వాత మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి తొమ్మిది దాకా మాత్రమే తినే పద్ధతి, ఆ తర్వాత కొర్రలు, అండుకొర్రలు. ఏడాదికి డబ్బు కట్టిన జిమ్‌కి పదకొండు సార్లు వెళ్లాను. ఒక్కో రోజుకి ఎంత పడిందో మా ఆవిడ లెక్కేసి ఫ్రిజ్ మీద అతికించింది.

ఇప్పుడు రెండు నెలలుగా ఉదయం ఓట్స్, మధ్యాహ్నం రెండు పుల్కాలు, రాత్రి సూప్. కాటా 88 దగ్గరే కూర్చుంది. దయచేసి ఇంకో డైట్ పేరు చెప్పకండి. మీకేది పనిచేసింది, ఎన్నాళ్లు నిలిచింది, అది చెప్పండి చాలు.

బెళ్లందూరు వంటగది

డైట్ పేరు చెప్పను లెండి, నూనె ప్యాకెట్ల సంగతి చెప్తాను. కిరాణా యాప్‌లో పాత ఆర్డర్లు చూస్తుంటే ప్రతి నెలా మూడు లీటర్లు కనిపించింది. ఇంట్లో ఉండేది ఇద్దరం. అంటే మనిషికి రోజుకు 50 మిల్లీలీటర్లు, దాదాపు 45 గ్రాములు. గ్రాము నూనెకి 9 క్యాలరీలు. 400 క్యాలరీలు కంచంలో కనపడకుండానే లోపలికి పోతున్నాయి. బయట తిన్నది ఇందులో లేదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు రోజుకు 20 నుంచి 30 గ్రాములు చాలంటారు.

'తక్కువ వాడదాం' అనుకుంటే మా వల్ల కాలేదు. పోపు పెట్టేటప్పుడు చెయ్యి తన లెక్కలో తాను వంపేస్తుంది. అందుకని ఒకటో తారీఖున లీటరున్నర కొలిచి ఒక సీసాలో పోసి, వారానికో గీత చొప్పున మార్కర్‌తో నాలుగు గీతలు గీశాను. మొదటి నెల 22వ తారీఖుకే సీసా ఖాళీ. కొత్త ప్యాకెట్ విప్పలేదు. మిగిలిన ఎనిమిది రోజులూ పప్పుచారు, ముక్కల పులుసు, ఇడ్లీ, ఆవిరి కుడుములు. మా ఆయన ముఖం చూడాల్సింది! రెండో నెల 27 దాకా వచ్చింది. ఇప్పుడు దొండకాయైనా, బెండకాయైనా ముందు మూతపెట్టి మగ్గనిచ్చి, చివర్లో రెండు స్పూన్లతో వేపుతాను. కరకర ఉండదు, ఒప్పుకుంటాను.

ఏడు నెలల్లో నేను 6, ఆయన 8. తను డైట్‌లో ఉన్నట్టు ఆయనకు ఇప్పటికీ తెలీదు.

కుందలహళ్లి గేట్

మేడమ్, ఇప్పుడే వంటింట్లోకెళ్లి అడిగాను. ముగ్గురికి నెలకు ఐదు లీటర్లట. అందులో మూడోది ఆరేళ్ల పిల్ల. నా ఓట్స్‌లో కూడా తాలింపు ఉందని ఇవాళే తెలిసింది.

[ఈ పోస్టును తొలగించారు: ప్రకటన]

బీటీఎం పీజీ

తీసేయకముందు చదివాను. 'పది రోజుల్లో ఐదు కిలోలు, షేక్ తాగండి' అని. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీలు తగ్గాలి. ఐదు కిలోలంటే పది రోజుల పాటు రోజుకి 3,850. నోరు కట్టేసుకుని కూర్చున్నా మామూలు మనిషికి రోజులో అంత ఖర్చు కాదు. మొదటి వారంలో టపటపా పడేది ఎక్కువగా నీళ్లే. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం గ్రాముకి మూడు గ్రాముల నీళ్లు పట్టుకుని ఉంటుంది, అన్నం మానేస్తే ఆ రెండూ కలిసి పోతాయి. అన్నా, నీ పులిహోర కథలో మొదట వెనక్కొచ్చినవీ ఆ నీళ్లే. నువ్వు దానికి భయపడి చేతులెత్తేసి ఉంటావు.

నా సంగతి. పీజీలో పొద్దున చిత్రాన్నం, రాత్రి పలావు. చిత్రాన్నానికీ పలావుకీ తేడా పసుపు మాత్రమే. వండుకునే వీల్లేదు. మార్చగలిగింది ఒకటే, ప్రోటీన్ కలుపుకోవడం. కెటిల్‌లో రెండు గుడ్లు (ఆంటీకి తెలిస్తే కెటిల్ పోతుంది, నేనూ పోతాను), ఆఫీసుకు పెరుగు డబ్బా, రాత్రి 50 గ్రాముల మీల్‌మేకర్ వేడినీళ్లలో నానబెట్టి, పిండి, కారప్పొడి, నిమ్మకాయ. ఆ ఒక్కదాంట్లోనే 26 గ్రాముల ప్రోటీన్. మొదట్లో దూదిలా ఉంటుంది, అలవాటైపోతుంది. రాత్రి పదకొండింటికి కాళ్లు గోబీ మంచూరియా బండి వైపు పోవడం మానేశాయి. ఐదు నెలల్లో 7 కిలోలు, 71 నుంచి 64.

కేఆర్ పురం పెద్దాయన

బాబూ, మాది మదనపల్లె వైపు. బ్యాంకులో చేసి రిటైరయ్యాను, ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నాం. కొర్రలు, రాగుల మీద ఒక మాట. మా నాయన సంగటి ముద్ద తిని ఎండుపుల్లలా ఉండేవాడు. నేనూ అదే ముద్ద తిని 86 కిలోలకు వచ్చాను. ఆయన అరక దున్నాడు, నేను కౌంటర్ వెనక కూర్చున్నాను. 100 గ్రాముల బియ్యానికి 350 చిల్లర క్యాలరీలుంటే రాగులకు 320 ఉంటాయి. పీచు ఎక్కువ, సున్నం ఎక్కువ, మంచిదే. కానీ 'రాగి కదా' అని రెండో ముద్ద తింటే ఆ మంచి అక్కడే పోయింది.

నాకు పనికొచ్చింది రాత్రి భోజనం ఏడున్నరకి ముగించి, వెంటనే పావుగంట అపార్ట్‌మెంట్ చుట్టూ నడవడం. మా ఆవిడ కూడా వస్తుంది, ఆమె మాట్లాడుతుంది, నేను నడుస్తాను. ఏడాదిలో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 8.1 నుంచి 6.8కి దిగింది, బరువు ఐదు కిలోలు తగ్గింది.

షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా పూటలు మానేయొద్దు. మావాడు చెప్పాడని పొద్దున టిఫిన్ మానేసి మాత్ర మాత్రం వేసుకున్నాను. మెట్రో స్టేషన్ మెట్ల మీద షుగర్ పడిపోయి ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. పక్కనున్న కన్నడ అమ్మాయి ఎవరో చాక్లెట్ ఇచ్చి కూర్చోబెట్టింది.

థైరాయిడ్ అక్క

టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష, ఎక్కువొస్తే థైరాయిడ్ మందగించినట్టు) 14 అని రిపోర్టు చూసి నేను నిజంగా సంతోషించాను. అమ్మయ్య, నా తప్పు కాదు, మాత్ర వేసుకుంటే పది కిలోలు పోతాయని. పోయింది మూడు. అదీ చాలావరకు వాపు నీరేనని డాక్టర్ చెప్పారు. ఇంకో సంగతి, నేను మాత్ర మింగిన ఐదు నిమిషాలకే ఫిల్టర్ కాఫీ తాగేదాన్ని. కాఫీ పక్కన ఉంటే మందు సరిగా ఒంటబట్టదట. గంట ఆగడం మొదలెట్టాక అదే డోసుతో టీఎస్‌హెచ్ దారికొచ్చింది.

ఆ కాఫీ గురించే ఇంకోటి. రోజుకు నాలుగు, ఒక్కోదానికి రెండు స్పూన్ల పంచదార. 40 గ్రాములు! తమ్ముడూ, నువ్వు రాసిన మెనూలో కాఫీ, టీ ఒక్కటీ లేవు. బెంగళూరులో పన్నెండేళ్లుండి కాఫీ తాగనివాణ్ని నేను చూడలేదు.

నైట్‌షిఫ్ట్ నాయుడుపేట

అమెరికా వాళ్ల సపోర్ట్, సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర. నిద్ర ఐదు గంటలు. రాత్రి రెండింటికి వచ్చేది ఆకలో, నిద్రో తేడా తెలిసేది కాదు. దేనికైనా బిస్కెట్ ప్యాకెట్టే మందు. పగటి షిఫ్ట్‌కి మారాక ఏడు గంటలు పడుకుంటున్నా. ఏ డైట్ లేకుండా నాలుగు తగ్గాను. అందరికీ షిఫ్ట్ మారదు, తెలుసు.

సర్జాపుర రోడ్

ఎవరూ ఎత్తట్లేదు కాబట్టి నేనే చెప్తా. బరువు తగ్గడానికి వారానికో ఇంజెక్షన్. నా బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 36, బీపీ, నిద్రలో గురక, ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) రాసిచ్చారు. మన దేశంలో ఇవి 2025లో గట్టిగా మొదలయ్యాయి, ఆ మార్చిలో టిర్జెపటైడ్ అనే ఇంజెక్షన్ వచ్చింది. ఎనిమిది నెలల్లో 14 కిలోలు తగ్గాను. మొదటి నెల వికారం. బిర్యానీ ముందు కూర్చుని నాలుగు ముద్దలకే చెయ్యి కడుక్కోవడం ఎలా ఉంటుందో నాకు జీవితంలో మొదటిసారి తెలిసింది. ఇది సోమరితనం అనేవాళ్లు అనుకోండి. మానేస్తే ఆకలి తిరిగొస్తుందనీ, బరువులెత్తకపోతే కండ కూడా పోతుందనీ ముందే చెప్పారు. స్నేహితుడి ప్రిస్క్రిప్షన్‌తో కొనుక్కునేవాళ్లున్నారు, ఆ పని మాత్రం చేయొద్దు.

బెళ్లందూరు వంటగది

కాటా ఒక్కదాన్నే నమ్ముకోకండి. టేపు కూడా పట్టండి. మన భారతీయులకు నడుము మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలంటారు. బీఎంఐ కూడా మనకు 23 నుంచే అధిక బరువు లెక్క, 25 దాటితే ఊబకాయం. కుందలహళ్లి గారూ, మీది 30 దాకా ఉంది, కానీ ఒకేసారి 72కి రావాలని కూర్చోకండి.

కుందలహళ్లి గేట్

నాలుగు నెలల తర్వాత వస్తున్నాను, క్షమించాలి. అక్క కాఫీ మాట గుచ్చుకుంది. వంటింటి తూకం ఒకటి కొని, నోట్లోకి వెళ్లిన ప్రతిదీ పది రోజులు రాశాను. ఏదీ మానలేదు, రాశానంతే.

సోమవారం నుంచి గురువారం దాకా నేను బుద్ధిమంతుణ్నే. రోజుకు 1,500 దగ్గర. శుక్రవారం సాయంత్రం టీమ్‌తో బయటికి. శనివారం పొద్దున వెన్న వేసిన తట్టె ఇడ్లీ, ఆదివారం మధ్యాహ్నం ఆంధ్రా మెస్. మెస్‌లో నాకు వడ్డించినంత అన్నం ఇంట్లో అంచనాగా పెట్టుకుని తూచాను: 480 గ్రాములు. పప్పు, నెయ్యి, గోంగూర పడకముందే 620 క్యాలరీలు. పైగా ఆ వడ్డించే అతను 'ఇన్నూ స్వల్ప హాక్లా సార్?' (ఇంకొంచెం వేయనా సార్?) అంటే నాకు 'బేడ' (వద్దు) అనడం పన్నెండేళ్లయినా రాలేదు. నాలుగు రోజులు కూడబెట్టింది మూడు రోజుల్లో ఖర్చు పెడుతున్నాను, అందుకే 88 దగ్గర ఆగింది.

ఇంకోటి పుస్తకంలో చూస్తేనే బయటపడింది. రెండు వారాలకోసారి మా అమ్మ ట్రావెల్స్ బస్సులో పంపే పార్సిల్. తెల్లవారుజామున మారతహళ్లి బ్రిడ్జి కింద తీసుకుంటాను. అందులో సున్నుండల డబ్బా. ఒక్కోటి 40 గ్రాములు, దాదాపు 180 క్యాలరీలు. ఫోన్ మాట్లాడుతూ వంటింట్లో తిరిగే అలవాటు నాకు. పది రోజుల్లో 19 గీతలున్నాయి. ఒక్కటి తిన్నట్టు కూడా గుర్తులేదు.

ఇప్పుడు ఏం చేస్తున్నానంటే: ఓట్స్, సూప్ పోయాయి. రెండు పూటలా అన్నమే తింటున్నా, పచ్చి బియ్యం 60 గ్రాములు తూచి నా ఒక్కడికీ చిన్న గిన్నెలో. పప్పు రెండింతలు, గుడ్లు. నూనె సీసా మీద గీతలు మా ఆవిడ గీసింది (నెలకు రెండున్నరకి వచ్చాం). మెస్ మానలేదు, ఆదివారం ఒక్కసారి, ముందే 'అన్నం ఒక్కసారే' అని చెప్తాను. పెద్దాయన గారి పావుగంట నడక. 88 నుంచి 82.6. నడుము 106 నుంచి 99. మధ్యలో మూడు వారాలు ఏమీ కదల్లేదు, టేపు లేకపోతే మానేసేవాణ్నే.

సున్నుండలు వద్దని అమ్మకు చెప్పే ధైర్యం లేదు. వీడియో కాల్‌లో చూసి 'చిక్కిపోయావురా' అని ఈసారి రెండు డబ్బాలు పంపింది. ఎలా?

థైరాయిడ్ అక్క

చెప్పకు. ఆమె చేసేది మానదు, పైగా నువ్వు బాధపెట్టావన్న పేరొకటి. వచ్చిన రోజే ఆఫీసుకు పట్టుకెళ్లు.

బీటీఎం పీజీ

అన్నా, మా పీజీ అడ్రస్ పంపనా?