జేఆర్‌ఎఫ్ వచ్చింది, ఫార్మా ఆఫర్ కూడా ఉంది: ఆర్గానిక్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీకి వెళ్లొచ్చా?

కెమ్_విజయనగరం:
ఎమ్మెస్సీ ఆర్గానిక్ అయింది. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది. హైదరాబాద్‌లో ఒక ఫార్మా ఆర్‌ అండ్ డీలో ట్రైనీ ఆఫర్ కూడా ఉంది. పీహెచ్‌డీ చేస్తే తర్వాత ఉద్యోగాలు ఎలా ఉంటాయి? ఇంటికి డబ్బు పంపాలి, స్టైపెండ్ లెక్క కూడా చెప్పండి.

తార్నాక_రీసెర్చ్:
2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000. రెండేళ్లయ్యాక కమిటీకి పని చూపించి ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో) అయితే 42,000. ఐదేళ్లకూ కలిపి 24 లక్షలు. హాస్టల్ గది తీసుకోకపోతే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. పీఎఫ్ ఉండదు. ఒకటో తారీఖునే పడుతుందనుకుని ఇంటికి మాటివ్వకండి. బిల్లులు ఆగి రెండు మూడు నెలలది ఒకేసారి రావడం మామూలే.

అసలు చిక్కు ఐదేళ్లు నిండాక. ఫెలోషిప్ ఆగిపోతుంది, థీసిస్ మాత్రం అప్పటికి అవ్వాలని లేదు. యూజీసీ 2022 నిబంధనల్లో గరిష్ఠ గడువు ఆరేళ్లు. సబ్మిట్ చేశాక కూడా బయటి ఎగ్జామినర్ల రిపోర్టులకు, వైవాకు నెలలు పడతాయి. నాలుగో ఏడాది ముగిసేలోపు ప్రధాన పేపర్ జర్నల్‌కు వెళ్లేలా చూసుకోండి.

ప్రాసెస్_కెమిస్ట్:
ఎమ్మెస్సీతో చేరి ఐదేళ్లు ల్యాబ్ బెంచ్ మీద గట్టిగా పనిచేసినవాళ్లకూ, కొత్త పీహెచ్‌డీలకూ మొదట్లో జీతంలో పెద్ద తేడా ఉండకపోవచ్చు. గ్రూప్ లీడర్ స్థాయికి వచ్చేసరికి పీహెచ్‌డీ అడుగుతారు.

ఇంటర్వ్యూలో ఏ జర్నల్ అన్నదానికంటే, మీ రియాక్షన్ స్కేల్ పెంచితే ఏమవుతుందన్నదే ముఖ్యం. డీఎంఎఫ్ అనే ద్రావణిలో సోడియం హైడ్రైడ్ అనే క్షారంతో ఆల్కైలేషన్ (అణువుకు కార్బన్ గొలుసు తగిలించే రియాక్షన్) తీసుకోండి. 50 మి.లీ. ఫ్లాస్కులో సాఫీగా అయిపోతుంది. రియాక్టర్‌లో ఘనపరిమాణం పెరిగినంతగా గోడల వైశాల్యం పెరగదు, వేడి బయటికి పోదు. ఆ మిశ్రమం తనంతట తానే విచ్ఛిన్నమై ఇంకా వేడెక్కుతుంది, హైడ్రోజన్ వస్తూ ఉంటుంది. పేలే ప్రమాదం ఉంది. టీహెచ్‌ఎఫ్ అనే వేరే ద్రావణిలో, పొటాషియం టెర్ట్-బ్యుటాక్సైడ్ అనే వేరే క్షారంతో అవుతుందేమో చూడాలన్న ఆలోచన రావాలి. కాలమ్ (క్రోమటోగ్రఫీ) వేయకుండా క్రిస్టలైజేషన్‌తో శుద్ధి చేయడం తెలియాలి. ఐదేళ్లూ 0.2 మిల్లీమోల్ స్కేల్‌లో ఒకే రియాక్షన్‌ను వేర్వేరు పదార్థాలతో చేసి సబ్‌స్ట్రేట్ టేబుళ్లే నింపే ల్యాబ్‌లో ఇవేవీ చేతికి రావు. మల్టీస్టెప్ సింథసిస్ (ఒక అణువును అనేక దశల్లో తయారుచేయడం) చేసే గ్రూపులో చేరండి.

డిగ్రీ_లెక్చరర్:
పాఠాలు చెప్పడమే లక్ష్యమైతే, జేఆర్‌ఎఫ్‌తోనే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వచ్చేసింది. 2023 జులై నుంచి యూనివర్సిటీల్లో కూడా ఆ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. యూజీసీ స్కేల్ బేసిక్ 57,700. అయితే రెగ్యులర్ నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రావు, ఈలోపు గెస్ట్, కాంట్రాక్టు పనే. అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ ఉండాల్సిందే. ఐఐటీలు, ఐసర్‌లకు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన) కూడా కావాలి. యువ పరిశోధకులకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్‌కు సాధారణ వయోపరిమితి 32, కాబట్టి ఆలస్యంగా చేరితే ఆ దారి మూసుకుపోతుంది.

కెమ్_విజయనగరం:
చాలా థ్యాంక్స్ అండీ. గైడ్ గురించి చేరకముందే ఎలా తెలుసుకోవాలి?

తార్నాక_రీసెర్చ్:
యూనివర్సిటీ అయితే శోధ్‌గంగలో (థీసిస్‌లు ఉంచే వెబ్‌సైట్) ఆయన పేరుతో వెతకండి. ఏ థీసిస్ ఎప్పుడు పూర్తయిందో, చాలావాటికి ఎప్పుడు రిజిస్టర్ అయ్యారో కూడా ఉంటుంది. ఆ విద్యార్థులు ఇప్పుడెక్కడ ఉన్నారో లింక్డ్‌ఇన్‌లో చూడండి, ఇద్దరికి ఫోన్ చేయండి. నడుస్తున్న ప్రాజెక్టు ఎప్పటివరకు ఉందో అడగండి: మీకొచ్చే కంటింజెన్సీ (పరిశోధన ఖర్చుల గ్రాంటు) ఏడాదికి 20,000, పల్లాడియం క్యాటలిస్టులు కొంటే ఇట్టే అయిపోతుంది. ఎన్‌ఎంఆర్ (అణువు నిర్మాణం తేల్చే యంత్రం) స్లాట్ అదే రోజు దొరుకుతుందా, వారం ఆగాలా అన్నది ప్రస్తుత స్కాలర్లనే అడగండి, గైడ్‌కు తెలియకపోవచ్చు.